నలభై రెండో మెట్టు

మూడో రోజు కూడా భోజనాల బల్ల మీద భోజనం లేదు. కొండ ఉంది.

అట్టముక్కలు పొరలు పొరలుగా అంటించి కోడలు చేసిన కొండ. దాని ఒంటికి ఆనుకుని పది అంతస్తుల అట్ట భవనం. కింద వీధి, పైన రోడ్డు, పక్కన దువ్వెన పళ్లంత సన్నని మెట్లదారి. బల్ల మీద మిగిలిన జానెడు జాగాలో రొట్టెల పళ్లెం, గుడ్ల గిన్నె ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఇంట్లో నలుగురూ మూడు రోజులుగా నిలబడే తింటున్నారు.

నిలబడి తినడంలో ఒక సుఖం ఉంది. ఎవరూ ఎవరికీ ఎదురుగా కూర్చోనక్కర్లేదు.

"మామయ్యా, వంటింట్లో టీ ఉంది. చల్లారకముందే తాగమని చెప్పండి," అంది కోడలు, మొగుడి భుజం మీదుగా కిటికీలోకి చూస్తూ.

"నేను ఆఫీసులో తాగుతానని చెప్పు నాన్నా," అన్నాడు కొడుకు, రొట్టెముక్కతో మాట్లాడుతున్నట్టుగా.

సర్వేయరు గారు ఇద్దరికీ మధ్య నిలబడి గుడ్డు పెంకు ఒలుస్తున్నారు. ముప్పై నాలుగేళ్లు జనం సరిహద్దులు కొలిచి రిటైరైన మనిషి. రెండు పక్షాలవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూడకుండా తనతోనే మాట్లాడటం ఆయనకి కొత్త కాదు. కాకపోతే అప్పట్లో సాయంత్రానికి కొలత గొలుసు చుట్టుకుని ఇంటికి వచ్చేసేవారు. ఇప్పుడు వచ్చేందుకు వేరే ఇల్లు లేదు.

"ఏమీ చెప్పక్కర్లేదు. ఇద్దరికీ చెవులు బాగానే ఉన్నాయి," అంది పెద్దకూతురు, పరీక్ష పేపర్ల కట్ట సంచిలో కుక్కుతూ. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఎర్రసిరా పెన్ను ఇంట్లో కూడా చెవి మీద నుంచి దిగదు. "ఒరే అంగుళం, శనివారం పూట నీకు ఏం ఆఫీసురా?"

"అక్కా, ఆ పేరుతో పిలవొద్దన్నాను."

"పిలవకపోతే మాత్రం తగ్గిస్తావా?"

 కొడుకు రొట్టె ముక్కని పళ్లెంలో పెట్టేశాడు. బూట్లు వేసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు. టీ వంటింట్లోనే చల్లారింది.

"నేనేమన్నాను ఇప్పుడు?" అంది పెద్దకూతురు.

"ఏమీ అనలేదు వదినా," అంది కోడలు. "బుధవారం అనాల్సినదంతా నేనే అనేశాను."

బుధవారం సంగతి అందరికీ తెలుసు. కోడలు ఆర్కిటెక్టు. కొడుకు అదే ఆఫీసులో ఇంజనీరు. ఆవిడ గీసిన గోడలు నిలబడతాయో లేదో లెక్క కట్టి సంతకం పెట్టవలసింది అతనే. ఒక్కొక్క శ్లాబు మందంలో ఒక్క అంగుళం తగ్గిస్తే ఇరుకు గదులు కాస్త ఊపిరి పీల్చుకుంటాయని ఆవిడ అడిగింది. లెక్క ఒప్పుకోదన్నాడు. లెక్క ఒప్పుకోదా, నువ్వు ఒప్పుకోవా అని ఆవిడ అంది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఆఫీసంతా వింటుండగా, "నీకు ఆ కొండంటే భయం. ఆ భయం తెచ్చి నా శ్లాబుల్లో పోస్తున్నావు," అంది.

అది నిజం కావడమే తప్పయింది. పధ్నాలుగేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, అతను సంతకం పెట్టిన, మట్టి జారకుండా కట్టే అడ్డుగోడ అదే కొండ మీద ఒక వానపొద్దున జారిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. మెట్లదారిలో ముప్పై మెట్లు మాత్రం గోడతోపాటు కిందికి జారాయి. ఆ తరువాత అతను దేనికైనా ఒక అంగుళం కలుపుతూనే ఉన్నాడు. ఆ మెట్ల మీద మళ్లీ కాలు పెట్టలేదు. స్థలం చూడాలంటే పైరోడ్డులో కారాపి, కారులోంచే చూస్తాడు.

పెద్దకూతురు సంచి భుజాన వేసుకుని, వెళుతూ వెళుతూ మరదలి గడ్డం కింద అంటుకున్న అట్టపీలికని గోటితో తీసి పారేసింది. అది ఆవిడ పద్ధతిలో క్షమాపణ.

ఇల్లు ఖాళీ అయింది. కోడలు బల్ల దగ్గరికి వచ్చి, అట్ట భవనం నడుములోంచి పైరోడ్డుకి వేసిన అగ్గిపుల్లంత వంతెనని వేలితో సరిచేసింది.

"మామయ్యా, సోమవారం నమూనా ఎంచే కమిటీ ముందు చెప్పాల్సింది మీకు ఒకసారి చెప్పి చూస్తాను. అర్థం కాకపోతే కాలేదనండి."

"చెప్పు తల్లీ."

"మొత్తం అరవై కుటుంబాలు. స్థలం చూస్తే జారుడుబల్లంత ఏటవాలు, జేబురుమాలంత వెడల్పు. లిఫ్టు పెడతారు సరే, ఆగిపోతే? కాంట్రాక్టరు నమూనాలో కింది వీధి నుంచి ఒక్కటే దారి. అందులో పదో అంతస్తువాడు తొమ్మిది అంతస్తులు ఎక్కాలి. నా దాంట్లో రెండు దారులు. కింది వీధిలోంచి మొదటి అంతస్తులోకి. పైరోడ్డులోంచి ఈ వంతెన మీదుగా నేరుగా ఏడో అంతస్తులోకి, ఒక్క మెట్టు లేకుండా. లిఫ్టు ఉన్నా లేకపోయినా, ఆ అరవై ఇళ్లలో ఎవరూ మూడంతస్తులకి మించి ఎక్కరు, దిగరు. అసలు ఎక్కలేనివాళ్లకి ఏడో అంతస్తులో ఆరిళ్లు."

సర్వేయరు గారు వేళ్ల మీద లెక్కపెట్టి చూశారు. నాలుగో అంతస్తుకి మూడు. పదో అంతస్తుకి మూడు. సరిపోయింది.

"బాగా అర్థమైంది. కమిటీ వాళ్లకి కూడా వేళ్లుంటాయి."

కోడలు మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది. "కమిటీ ముందు పెట్టే బోర్డు మీద ఒక మాట రాద్దామనుకుంటున్నాను. 'ఇవాళ పైరోడ్డుకి వెళ్లాలంటే ఇన్ని మెట్లు ఎక్కాలి' అని. ఎన్ని?"

"నూట పన్నెండు. నా గుర్తు నలభై ఒకటో మెట్టు మీద." ఆలోచించకుండానే వచ్చింది జవాబు.

ఆ గుర్తు ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు స్వయంగా చెక్కింది. రాతి మీద ఒక గీత, దాని కింద బాణం. ఊరి ఎత్తులన్నీ కొలిచే లెక్కలో ఆ గీత ఎత్తు ఎంతో ఆఫీసు రికార్డులో ఉంది. కోడలు స్థలం కొలవడానికి కుర్రాళ్లు వచ్చినప్పుడు, కొలత ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని అడిగితే, "నా గుర్తు ఉంది కదా, అది ఎక్కడికీ పోదు," అన్నారు. వాళ్లు ఆయన మాట మీద అక్కడి నుంచే మొదలుపెట్టారు. ఆ కొలతల మీదే ఈ కొండ, ఈ పది అంతస్తులు.

"అయినా మెట్లు ఒకసారి లెక్కపెట్టి వస్తాను," అన్నారు ఆయన. "బోర్డు మీద రాసేది కదా." అసలు సంగతి, ఆ ఇంట్లోంచి ఒక గంట బయట పడాలి.

* * *

మెట్లదారి కింది వీధిలో మందులషాపుకీ, సైకిళ్లు బాగుచేసే కొట్టుకీ మధ్య సందులో మొదలవుతుంది. పది మెట్లకొకసారి కుడిజేబులోంచి ఒక అగ్గిపుల్ల తీసి ఎడమజేబులో వేసుకోవడం సర్వేయరు గారి పాత అలవాటు. నోరు తప్పు చెప్పినా జేబు చెప్పదు.

గోడవైపు కమ్మీ పట్టుకుని ఎక్కుతున్నారు. ఎదురు దిగుతున్న మనిషెవరో రెండు చేతుల్లో సామానుతో కూడా కమ్మీవైపు ఆయనకి వదిలేసి, తను అంచువైపు తిరిగి దిగాడు. మొహం కూడా చూడకుండా వెళ్లిపోయాడు. ఇలాంటివాళ్లకి థాంక్స్ చెప్పే లోపు వాళ్లు నాలుగు మెట్లు దిగిపోయి ఉంటారు.

ఎడమజేబులో నాలుగు పుల్లలు. ఇంకొక మెట్టు. నలభై ఒకటి.

రాయి నున్నగా ఉంది. గీత లేదు, బాణం లేదు.

బాణం ఆ పై మెట్టు మీద ఉంది.

ఆయన అక్కడే నిలబడిపోయారు. తరువాత, తప్పు తనదే అయి ఉంటుందనే ఆశతో, మళ్లీ కిందికి దిగారు. పుల్లలన్నీ కుడిజేబులోకి మార్చుకుని మొదటి నుంచి ఎక్కారు. ఈసారి ఒక్కొక్క అంకె పైకే అన్నారు. నలభై రెండు.

ఇంకో అవకాశం ఉంది. వీధి బాగుచేసినప్పుడు కింద కొత్తగా ఒక మెట్టు కలిపి ఉండవచ్చు. అలా అయితే రాయి కదలలేదు, అంకె మారిందంతే. అలా అయి ఉండాలని ఆయన గట్టిగా కోరుకున్నారు.

"అన్నయ్యగారూ, రెండోసారి ఎక్కుతున్నారు. కింద ఏమైనా మర్చిపోయారా?"

బాణం ఉన్న మెట్టుకి ఎదురుగా తెరిచి ఉన్న గుమ్మంలోంచి వచ్చింది గొంతు. మెట్లదారి సగంలో, ఒంటి గదిలో ఉండే దర్జీ ఆవిడ. మోకాళ్లు పనిచేయడం మానేశాక కాళ్లతో తొక్కే మిషను అమ్మేసి చేత్తో తిప్పేది కొనుక్కుంది. గుమ్మం పక్కనే నేల మీద దాని ముందు కూర్చుని ఉంది.

"లెక్క మర్చిపోయానమ్మా."

"ముందు కూర్చోండి. లెక్క ఎక్కడికీ పోదు, ఊపిరే పోతుంది." గజంబద్దతో ఒక స్టూలుని బయటికి తోసింది. మంచినీళ్ల గ్లాసు మీద మూత తీసి ముందుకు జరిపింది. "ఆ కాలరు చిరిగింది. ఇలా ఇవ్వండి, తిరగేసి కుడతాను."

"ఒంటి మీద ఉందమ్మా."

"ఒంటి మీద ఉండగా కుట్టడానికి నేనేం డాక్టర్నా? రేపు తెండి."

నీళ్లు తాగారు. చల్లగా ఉన్నాయి. భార్య పోయిన తరువాత తన కాలరు సంగతి చూసి చెప్పిన మొదటి మనిషి ఈవిడేనని ఆయనకి తోచింది.

"కోడలమ్మాయిని ఒకటి అడిగి చెప్పండి," అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ. "ఏడో అంతస్తులో నాకు ఇల్లొచ్చి, వంతెన పూర్తయ్యాక, చక్రాల కుర్చీ నేనే తోసుకుపోవచ్చా, ఎవరైనా తొయ్యాలా?"

"నువ్వే తోసుకుపోవచ్చు. ఒక్క మెట్టు ఉండదు." అలవాటుగా నోటికి వచ్చేసింది.

"పైరోడ్డులో దారాల కొట్టు ఉందా ఇంకా?"

"ఉంది."

"నాలుగేళ్లయింది చూసి. ఎవరినో బతిమాలి తెప్పించుకుంటున్నాను. నీలం తెమ్మంటే వాళ్లకి తోచిన నీలం తెస్తారు. ఊళ్లో ఎన్ని నీలాలున్నాయో వాళ్లకేం తెలుసు పాపం. బట్టది ఒక నీలం, కుట్టుది ఒక నీలం. కట్టుకునేవాళ్లు ఏమీ అనరు, నాకే సిగ్గు." దారం కొరికింది. "ఒక్కసారి నేను వెళ్లి, పెట్టె ముందు కూర్చుని, నా కళ్లతో ఏరుకుంటే చాలు."

సర్వేయరు గారు గ్లాసు కింద పెట్టారు. అడగకుండా వెళ్లిపోవచ్చు. ఇప్పుడే లేచి, నూట పన్నెండు సరిపోయింది అని కోడలికి చెప్పవచ్చు.

"అమ్మా, ఈ బాణం ఉన్న రాయి... గోడ జారినప్పుడు ఇది కూడా జారిందా?"

"జారకపోవడమేంటి? ఇక్కడి నుంచి పైకి ముప్పై మెట్లు నా గుమ్మం ముందే కుప్ప పడ్డాయి. మేస్త్రీలు రాళ్లు పగలగొట్టి వాడుకుందామనుకున్నారు. నేనే అడ్డుపడ్డాను. ఇది గవర్నమెంటు గుర్తు, సర్వేయరు గారు ఎండలో గొడుగు కూడా లేకుండా కూర్చుని చెక్కారు, ముట్టుకుంటే ఊరుకోను అన్నాను."

"మళ్లీ అదే చోట పెట్టారా?"

"అదే చోట ఎందుకు పెట్టనిస్తాను?" ఆవిడ గొంతులో గర్వం. "ఆ మెట్టు మీద పాలవాళ్లు డబ్బాలు దించుతారు, నెలలో అరిగిపోతుంది. ఒక మెట్టు పైకి, నా గుమ్మానికి ఎదురుగా పెట్టించాను, కళ్ల ముందు ఉంటుందని. పధ్నాలుగేళ్లు. వారానికోసారి గుడ్డ పెట్టి తుడుస్తాను. గీత చూడండి, నిన్న చెక్కినట్టు లేదూ?"

గీత నిజంగానే నిన్న చెక్కినట్టు ఉంది.

టేపు ఇంట్లోనే ఉంది. ఆయన మెట్టు ముందు వంగి, చెయ్యి నిలువుగా ఆనించి చూశారు. జానెడుకి రెండు వేళ్లు తక్కువ. ఏడు అంగుళాలు.

"మంచిపని చేశావమ్మా," అన్నారు. 

* * *

మిగతా మెట్లు కూడా లెక్కపెట్టి ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పెద్దకూతురు బడి నుంచి వచ్చి నేల మీద పేపర్లు పరుచుకుని దిద్దుతోంది. కోడలు బోర్డుకి అక్షరాలు అంటిస్తోంది.

"ఎన్ని మామయ్యా?"

"నూట పన్నెండే." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఈ ఇంట్లో మూడు రోజుల తరువాత బల్ల ముందు ఒకరు కూర్చోవడం అదే మొదలు. "కానీ నా గుర్తు నలభై రెండో మెట్టు మీద ఉంది."

కోడలి చేతిలో అక్షరం ఆగింది. ఆవిడకి వివరించనక్కర్లేదు. ఆర్కిటెక్టు కళ్లు బల్ల మీది కొండ అడుగు నుంచి పైదాకా ఒకసారి వెళ్లి, వంతెన దగ్గర ఆగాయి.

"నాకు అర్థం కాలేదు," అంది పెద్దకూతురు. "రాయి ఒక మెట్టు పైకి వెళితే మీకేం పోయింది?"

"స్థలం మొత్తం ఆ రాయి నుంచే కొలిచారు వదినా," అంది కోడలు. గొంతు మామూలుగానే ఉంది. "కింది కాలువ ఎత్తు కూడా. పైరోడ్డు ఎత్తు మాత్రం మునిసిపాలిటీ రికార్డులోంచి తీసుకున్నాం. రాయి ఎత్తు తప్పైతే, కాలువకీ పైరోడ్డుకీ మధ్య మనకి ఉందనుకున్న జాగా ఒక మెట్టు తక్కువ. ఏడంగుళాలు."

"అయితే బిల్డింగుని ఏడంగుళాలు కిందికి దించు."

"కింద మురుగుకాలువ. దించితే మొదటి అంతస్తువాళ్ల స్నానాలగదిలోకి వీధి నీళ్లు వస్తాయి. గదుల ఎత్తు తగ్గిద్దామంటే ఇప్పటికే చట్టం ఒప్పుకునే ఆఖరి అంగుళం మీద ఉన్నాం. వదిలేస్తే వంతెన రోడ్డుకి ఏడంగుళాలు పైన తేలుతుంది. వాలుగా దింపుదామంటే వంతెన పొడవే నాలుగడుగులు."

"అంటే?"

"అంటే రోడ్డు దగ్గర ఒక మెట్టు పడుతుంది."

 ఎర్రపెన్ను ఒక పేపరు మీద ఒకే చోట ఆగి, సిరా చుక్క పెద్దదవుతోంది.

"మామయ్యా," అంది కోడలు. "ఈ మాట ఇంకెవరికైనా చెప్పారా?"

సర్వేయరు గారు దారంతా భయపడింది ఈ ప్రశ్నకే. తిట్టి ఉంటే బాగుండేది.

"లేదు తల్లీ."

"సోమవారం పదకొండుకి కమిటీ. తప్పు ఉందని ఇప్పుడు చెబితే కొలతలు మళ్లీ తియ్యాలంటారు, నెల పడుతుంది. కాంట్రాక్టరు నమూనా మాత్రం సిద్ధంగా ఉంది. వాళ్లు ఎవరి కోసమూ ఆగరు."

"అయితే చెప్పకు," అంది పెద్దకూతురు. "సోమవారం నెగ్గు. మంగళవారం దిద్దుకో. కడుతున్నప్పుడు ఏదో ఒకటి చూసుకోవచ్చు."

"నువ్వేనా ఈ మాట అంటున్నది?" అన్నారు సర్వేయరు గారు. "అరమార్కు కోసం పిల్లల్ని ఏడిపిస్తావు."

"పిల్లలు ఏడిస్తే చాక్లెట్ ఇస్తాను నాన్నా. అరవై కుటుంబాలు ఏడిస్తే ఏమివ్వను?"

ఆయన కోడలివైపు తిరిగారు. "కడుతున్నప్పుడు ఏమవుతుందో నాకు తెలుసు. ఒక్క మెట్టే కదమ్మా, అంటాడు మేస్త్రీ. ఒక్క మెట్టే కదా, అంటాడు కాంట్రాక్టరు. సిమెంటు పోసేస్తారు. ఒక్క మెట్టు పెద్ద విషయమని ఎవరికీ అనిపించదు. అది ఎవరికి కొండో వాళ్లు వచ్చి మాట్లాడరు."

"తెలుసు మామయ్యా. అవన్నీ నేను చెప్పిన మాటలే కదా." కోడలు కుర్చీలో వెనక్కి వాలింది. "నాకు రెండు రోజులైనా ఈ బొమ్మ సరిగ్గా ఉందనుకోవాలని ఉంది. అంతే."

"తప్పు నాది తల్లీ. కమిటీకి ఉత్తరం నేనే రాస్తాను. ముప్పై నాలుగేళ్లలో నా కొలత ఎవరూ తిప్పి పంపలేదు. చూడకుండా నోటి మాటగా చెప్పాను. ఎక్కడికీ పోదన్నాను."

"మీ గుర్తుని అంత జాగ్రత్తగా ఎవరైనా చూస్తారని మీరు మాత్రం ఎలా అనుకుంటారు?"

దర్జీ ఆవిడ సంగతి అప్పటికే చెప్పారు. ఇద్దరూ ఒకేసారి నవ్వబోయి, ఒకేసారి మానేశారు.

గుమ్మం దగ్గర బూట్లు విప్పుతున్న చప్పుడు. కొడుకు ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో. ఒక కాలికి బూటు ఉండగానే లోపలికి వచ్చి కొండ ముందు నిలబడ్డాడు.

"కాలువకీ వంతెనకీ మధ్య శ్లాబులు ఎన్ని?" అన్నాడు. ఎవరిని అడుగుతున్నాడో తెలియదు.

"ఆరని చెప్పండి మామయ్యా," అంది కోడలు.

"ఒక్కొక్కటీ ఆరంగుళాలు గీశాను." బ్యాగులోంచి లెక్కల కాగితం తీసి బల్ల అంచున పెట్టాడు. "లెక్క ప్రకారం ఐదు చాలు."

పెద్దకూతురు కాగితం వైపు చెయ్యి చాచి, మరదలి మొహం చూసి వెనక్కి తీసుకుంది.

కోడలు కాగితం ముట్టుకోలేదు. మూడు రోజుల తరువాత మొదటిసారి మొగుడి కళ్లలోకి సూటిగా చూసింది. అది మాటలకన్నా కష్టంగా ఉంది.

"బుధవారం లెక్క ఒప్పుకోదన్నారు. లెక్క ఒప్పుకుంది. నెల రోజులు ఒక్కో గదికి ఒక్కో అంగుళం కోసం నా కళ్లు పోగొట్టుకున్నానని చెప్పండి మామయ్యా. ఆ ఆరంగుళాలు మొదటి నుంచీ ఈయన బ్యాగులో ఉన్నాయని చెప్పండి."

"విన్నాడమ్మా," అన్నారు సర్వేయరు గారు మెల్లగా.

"ఐదు చాలని కాగితం చెబుతుంది," అన్నాడు కొడుకు. "ఆ గోడకి కూడా కాగితం బాగానే చెప్పింది. ఐదు అని రాసి సంతకం పెట్టబోతే చెయ్యి కదలదు. పొద్దుటి నుంచీ ఆఫీసులో కూర్చుని చేసింది అదే. నాలుగుసార్లు."

"ఆరు శ్లాబుల్లో ఆరంగుళాలు తగ్గించినా ఇంకా ఒకటి తక్కువేరా," అంది పెద్దకూతురు. ఆవిడ వెక్కిరించలేదు. కూడిక చెప్పిందంతే. "ఏడు కావాలి."

కోడలు చిన్న కత్తి తీసుకుంది. వంతెనని భవనం నుంచి, రోడ్డు నుంచి, జిగురు ఊడి అట్ట చిరగకుండా నెమ్మదిగా వేరుచేసింది. దాన్ని తీసుకొచ్చి మామగారి అరచేతిలో పెట్టింది.

"మీ దగ్గర ఉంచండి. చెయ్యి కదలని మనిషిని సంతకం పెట్టమని నేను అడగను. అబద్ధం బోర్డు మీద రాయను. ఈ రెండూ కాకుండా ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు."

ఆయన దాన్ని జేబులో, అగ్గిపుల్లల పక్కన వేసుకున్నారు. బయట ఇంకా బోలెడు వెలుతురు ఉంది. ఇంట్లో మాత్రం ఎవరి గదుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు.

* * *

ఆదివారం పొద్దున సర్వేయరు గారు టేపు కోసం సొరుగు లాగారు. భార్య కళ్లజోడు పెట్టె ఉంది, అందులో ఆయన పెన్సిలు ముక్కలు ఉన్నాయి. పక్కన ఉండవలసిన ఇనపటేపు లేదు.

గుమ్మం దగ్గర కొడుకు బూట్లు లేవు. కారు తాళం మాత్రం మేకుకే ఉంది.

"నడిచి ఎక్కడికి వెళ్లాడు వీడు?" అంది పెద్దకూతురు. వంటింట్లో పొయ్యి మీద టీ మరుగుతోంది. కోడలు పెట్టిన గ్లాసులు నాలుగు. సర్వేయరు గారు ఒకసారి లెక్కపెట్టారు.

కోడలు బల్ల ముందు కూర్చుని ఉంది. ముందు ఒక తెల్లకాగితం, కమిటీకి రాయవలసిన ఉత్తరం. "అయ్యా" దగ్గర ఆగిపోయింది. ఫోను అట్టకొండ అడుగున, కింది వీధిలో పడి ఉంది.

అది ఒకసారి వణికింది.

కోడలు చదివింది. మళ్లీ చదివింది. ఫోను మామగారి వైపు తిప్పింది. ఆయన దూరంగా పట్టుకుని, కళ్లు చిట్లించుకుని చదివారు.

*మెట్లమీద ఉన్నాను. మెట్టు ఎత్తు ఏడు కాదు. నువ్వు వచ్చి చూడు.*

"ఏడు కాదంటే ఆరా, ఎనిమిదా? ఆరైతే శ్లాబులతోనే సరిపోతుంది కదా," అంది పెద్దకూతురు, తండ్రి భుజం మీద నుంచి తొంగిచూస్తూ. "సగం జవాబు రాస్తే నేను సగం మార్కులు కూడా వెయ్యను."

"ఏడని నేను చేత్తో కొలిచాను తల్లీ," అన్నారు సర్వేయరు గారు. చెవులు ఎర్రబడ్డాయి. "టేపు తీసుకెళ్లలేదు. మళ్లీ అదే పని చేశాను. చూడకుండా చెప్పాను."

ఆ మాట కోడలు వినిపించుకున్నట్టు లేదు. ఫోను వెనక్కి తీసుకుని తెర వైపే చూస్తోంది.

"నువ్వు అని రాశాడు వదినా," అంది.

లేచి చెప్పులు వేసుకుంది. ఒక చెప్పు పట్టీ సరిగా పడలేదు, వంగి సరిచేసుకోలేదు. తలుపు దాకా వెళ్లి, తిరిగి వచ్చి, మామగారి ముందు చెయ్యి చాపింది.

"వంతెన ఇవ్వండి మామయ్యా."

ఆయన జేబులో వెతికారు. అగ్గిపుల్లలు వచ్చాయి, ముందు రెండు, తరువాత నాలుగు. వంతెన వాటి మధ్యలో, ఒక కొన కాస్త వంగి ఉంది. గోటితో సరిచేసి ఇచ్చారు.

కోడలు దాన్ని భవనానికి అతికించలేదు. గుప్పిట్లో పట్టుకుని మెట్లు దిగిపోయింది. వంటింట్లో నాలుగు గ్లాసుల టీ పొగలు కక్కుతోంది.